నీలం కాని మరక

జూలై 27, ఆదివారం

టీవీలో ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. తెల్ల చొక్కా మీద కాఫీ, సిరా, కూర పులుసు, ద్రాక్షరసం వరసగా ఒలకబోసింది. గుప్పెడు పొడి చల్లింది. పొగలు కక్కే నీళ్ళు పోసి, చొక్కా తీసి దులిపితే మల్లెపూవు. పక్కనున్నాయన నోరు తెరిచి "అద్భుతం!" అన్నాడు. మూడు నెలల నుంచి ఆయన నోరు మూసుకున్నది నేను చూడలేదు.

ఈ ఏడాది జిల్లా విజ్ఞాన ప్రదర్శనకి మా చుండూరు హైస్కూలు పిల్లలతో ఏం చేయించాలో అక్కడే తేలిపోయింది. టీవీలో అమ్మే మరక మందులు అన్న మాట నిలబెట్టుకుంటాయా? మూడు మందులు తెప్పిస్తాను. స్కూల్లో చేసేది పిల్లల రికార్డులో ఉంటుంది. ఇంట్లో నేను చేసేది ఇందులో రాసుకుంటాను. ఇరవై ఆరేళ్ళుగా సైన్సు చెబుతున్న స్టెల్లా టీచర్ని మోసం చెయ్యడం అంత తేలిక కాదు.

"నీకింకేం పని లేదా టీచరమ్మా" అన్నారు మా ఆయన. అని దగ్గారు. ఆఫీసుకి రోజూ తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో దుమ్మట.

ఆగస్టు 3, ఆదివారం

నెల మొదటి ఆదివారం, చర్చిలో ప్రభు సంస్కారం. ద్రాక్షరసం కాచేది నేనే, పదకొండేళ్ళుగా. పాస్టరు అయ్యగారు పాత్ర పట్టుకుని ఒక్కొక్కరి పెదవికి అందిస్తుంటే, సంఘ పెద్దగా మా ఆయన పక్కనే నడుస్తూ ప్రతివాళ్ళ తర్వాతా తెల్లగుడ్డతో అంచు తుడుస్తారు. ఆ ఆరు గుడ్డలూ ఇంటికొస్తాయి. ఉతికేదీ నేనే. ఇంతకన్నా మంచి నమూనాలు ఏ ల్యాబులో దొరుకుతాయి?

మొదటి మందు పేరు స్టెయిన్ సింహం. పేరుకి తగ్గట్టు డబ్బా మీద జూలు విదిలిస్తున్న సింహం. వేడి నీళ్ళలో వాడాలి.

ద్రాక్షరసం మరకకి సబ్బు తగిలితే నీలం తిరుగుతుంది. లిట్మస్ కాగితం లేని రోజున పిల్లలకి నేను చూపించేది అదే. పొడి చల్లగానే ఐదు గుడ్డలు నీలం తిరిగాయి. వేడి నీళ్ళు పోశాను. ఐదూ తెల్లబడ్డాయి. సింహం మాట మీద నిలబడింది, ఒప్పుకోవాలి.

ఆరో గుడ్డ మీద మరక నీలం కాలేదు. వేడి నీళ్ళు పోస్తే ఇటుక రంగుకి తిరిగి, గుడ్డని కరుచుకుపోయింది.

ఆయన్ని అడిగాను. "అడుగున మిగిలిందంతా నేనే తాగుతాను కదా, అది చిక్కగా ఉంటుంది" అన్నారు, పేపర్లోంచి తల ఎత్తకుండా. నిజమే, మిగిలింది పారబొయ్యకూడదు. అడుగు రసం చిక్కగానే ఉంటుంది.

ఆగస్టు 4

కాచిన గిన్నెలో మిగిలిన అడుగు రసం గుడ్డకి పూసి, నాలుగు రోజులు నిలవ ఉంచి, సబ్బు తగిలించి చూడాలి.

ఆగస్టు 8

చూశాను. నీలం అయింది.

ఆగస్టు 9

గుడ్డలోనే ఏదో తేడా ఉండి ఉంటుంది.

ఆగస్టు 20, బుధవారం

ఈసారి సంస్కారపు గుడ్డ కాదు, ఆయన జేబురుమాలు. మడత మధ్యలో రూపాయి బిళ్ళంత. బుధవారాలు ఆఫీసు నుంచి వచ్చాక అయ్యగారితో కలిసి మంచాన ఉన్న ముసలాళ్ళకి ఇంటింటికీ వెళ్ళి సంస్కారం ఇస్తున్నారట. గుడ్డ మర్చిపోయి రుమాలుతో తుడిచారట.

రెండో మందు ఫోమో మ్యాక్స్. పిచికారీ సీసా. మరక మీద కొట్టగానే నురగ పొంగాలి, నురగతోపాటు మరక పైకి రావాలి. టీవీలో పొంగినట్టే పొంగింది, బుసబుసమని. ఎంత ముచ్చటగా ఉందో. సరిపోల్చడానికి వేరే గుడ్డ మీద ద్రాక్షరసం వేసి కొట్టాను. దాని మీద ఒక్క బుడగ కూడా రాలేదు.

చిన్నప్పుడు పడి మోకాలు చెక్కుకుపోతే మా అమ్మ సీసాలోంచి మందు పోసేది. గాయం మీద ఇలాగే పొంగేది. ఆ సంగతి పిల్లల రికార్డులో రాయక్కర్లేదు.

ఫలితం: మరక వదిలింది.

ఆగస్టు 31

రేపల్లె వెళ్ళి మా అమ్మాయి షారోన్‌ని చూసి వచ్చాను. కూతురి కాపురం ఆఫీసుకి నాలుగు వీధుల అవతల ఉండటం ఈయన అదృష్టం. రోజూ మధ్యాహ్నం అక్కడే భోజనం. మనవరాలు పింకీకి నాలుగేళ్ళు నిండాయి, తాత ముద్ద కలిపి పెడితే గానీ నోరు తెరవదట. తాత కంచంలోనే, తాత చేత్తోనే. "నేను పెడితే ఊసేస్తది అమ్మా, నాన్న పెడితే గిన్నె ఖాళీ" అంటుంది షారోన్. గారాబానికి హద్దుండాలి అన్నాను. ఎవరు వింటారు?

సెప్టెంబరు 7, ఆదివారం

మా గుడికి వందేళ్ళు. డిసెంబరు ఏడున పండుగ. ఆ రోజు జనం ఎక్కువ కాబట్టి రెండు పాత్రలు నడుస్తాయని, రెండోది మా ఆయనకి, శాలేమురాజు గారి చేతికి ఇస్తున్నామని ఆశీర్వాదం అయ్యగారు ప్రకటించారు. మా ఆయన తల వంచుకున్నారు. ఇంటికొచ్చాక గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఏడ్చారు.

ఎందుకో నాకు తెలుసు. వాళ్ళ నాన్న జంపనిలో చక్కెర ఫ్యాక్టరీలో కూలీ. క్షయ వచ్చింది. ఊళ్ళో గుడిలో ముందు ఆయన్ని ఆఖరి వరసలో కూర్చోబెట్టారు. తర్వాత పాత్ర ఆఖర్న ఇచ్చారు. ఆ తర్వాత పాత్రే ఇవ్వలేదు, ఇంటి దగ్గర్నుంచి గ్లాసు తెచ్చుకోమన్నారు. ఆ స్టీలు గ్లాసు చేత్తో పట్టుకుని నాన్న వెనకాల నడిచింది తొమ్మిదేళ్ళ శాలేమురాజు. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి చెప్పారు. మళ్ళీ ఎత్తలేదు. "పాత్ర అందరికీ ఒకటే" అని మాత్రం ప్రతి సంఘ కూటంలోనూ అంటారు.

గుడ్డలు: నాలుగు నీలం. రెండు కాలేదు.

ఆయన బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పెట్టించుకున్నారు. రైల్లో నిలబడి వెళ్ళడం మంచి వ్యాయామమట.

సెప్టెంబరు 13, శనివారం

వెంకటసుబ్బులు వచ్చింది. రేపల్లె బండికి చేపల గంప దించుకుని, ముందు మా ఇంటికే వస్తుంది. అరుగు మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తూ, నేను బకెట్లో వేడి నీళ్ళు పోస్తుంటే చూసింది.

"ఏంటమ్మా, రత్తం మరక్కి ఏణ్ణీళ్ళు పోత్తన్నారా? సదూకున్నోళ్ళు మీరు!"

"రక్తం కాదు సుబ్బులూ, ద్రాక్షరసం. గుళ్ళోది."

ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి, లేచి వచ్చి, రుమాలు వేళ్ళతో పట్టి చూసింది.

"నలబయ్యేళ్ల నుంచి చేపల రత్తంలో నానిన కొంగు ఉతుక్కుంటన్నానమ్మా, నాకు తెలవదా? ఏడి తగిల్తే ఇట్టా ఇటికరాయి రంగు తిరిగి కూకుంటది. సన్నీళ్ళల్లో రాళ్ళుప్పేసి నానబెట్టండి, వదిలిపోద్ది. ఎవురికమ్మా దెబ్బ తగిలింది?"

"ఎవరికీ తగల్లేదు."

"మీ అయ్యగోరు బండిలో నాకాడే కూకుంటారు. ఈ మజ్జ గుడ్డ నోటికడ్డం పెట్టుకుని..."

"చేపలు అయ్యాయా?" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ చేపలు గిన్నెలో వేసి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. వచ్చే వారం నుంచి రావద్దని చెప్పాను. వెనక్కి తిరిగి చూసింది, కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది.

చన్నీళ్ళు, రాళ్ళ ఉప్పు, అరగంట. మరక వదిలింది.

సెప్టెంబరు 14

చిగుళ్ళు. చిగుళ్ళ నుంచి రావచ్చు. ఆయన బ్రష్ మరీ గట్టిగా రుద్దుతారు. మెత్తటిది కొన్నాను.

సెప్టెంబరు 29

మెత్తటి బ్రష్ వల్ల తేడా ఏమీ లేదు. ఇంకా మెత్తటిది దొరుకుతుందేమో చూడాలి.

అక్టోబరు 5, ఆదివారం

మూడో మందు వచ్చింది. ఎంజో గోల్డ్. ఇందులో ఎంజైములున్నాయి. కాఫీకీ ద్రాక్షరసానికీ ఇది పెద్దగా పనికిరాలేదు. టీవీలో చెప్పినదాంట్లో సగం అబద్ధం. కానీ నీలం కాని మూడు గుడ్డల్నీ చన్నీళ్ళలో ఇది వేసి నానబెడితే ఎక్కడ మరక ఉండేదో నాకే తెలియలేదు. కిటికీ దగ్గర ఎండకి పట్టి చూశాను. వెనక తిప్పి చూశాను. అద్భుతం. టీవీలో ఆ నోరు తెరిచినాయన్ని ఊరికే ఎగతాళి చేశాను.

చెప్పలేనంత సంతోషం వేసింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, పాట కూడా పాడుకున్నాను.

ఇస్త్రీ చేసి రుమాళ్ళు ఆయన సంచిలో పెట్టాను. ఆయన ఒకటి విప్పి చూశారు. నా వంక చూశారు. నేను అన్నం చూడాలని లోపలికి వచ్చేశాను.

అక్టోబరు 15, బుధవారం

కూరగాయల మార్కెట్టులో అయ్యగారి భార్య కనిపించారు. వంకాయలు ఏరుకుంటూ, "అయ్యగారికి మోకాళ్ళు సహకరించట్లేదమ్మా స్టెల్లా, జూన్ నుంచి ఇంటి సంస్కారాలకి కూడా వెళ్ళలేకపోతున్నారు. పాపం ఆ ముసలాళ్ళు ఎదురు చూస్తున్నారు" అన్నారు.

"అవునండి, మా ఆయన చెప్పారు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. వంకాయలు కూడా కొన్నాను.

అక్టోబరు 16

అడగలేదు.

అక్టోబరు 17

అడగలేదు. ఆయన స్నానాల గదిలో పంపు పూర్తిగా తిప్పి పెట్టుకుంటున్నారు. నీళ్ళ చప్పుడులో ఏమీ వినపడదు. నాకూ వినపడటం లేదు.

అక్టోబరు 20

దీపావళి. పక్కింటివాళ్ళ టపాకాయల పొగకి రెండు రోజులు దగ్గు తప్పదు, ఎవరికైనా.

నవంబరు 2, ఆదివారం

పొద్దున సంస్కారం. సాయంత్రం సమాధుల పండుగకి జంపని వెళ్ళాం. మామగారి సమాధికి సున్నం వేయించి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాం. గేటు నుంచి సమాధి దాకా నూరడుగులు కూడా లేదు. ఆయన రెండుసార్లు ఆగారు. రెండోసారి ఎవరిదో సమాధి అంచు మీద కూర్చున్నారు. నేను కొవ్వొత్తులు సర్దుతున్నట్టు ముందుకి వెళ్ళాను. వెనక దగ్గు ఆగేదాకా సర్దుతూనే ఉన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "మా నాన్నని ఆఖర్న కూర్చోబెట్టారు స్టెల్లా" అన్నారు.

"తెలుసండి."

"డిసెంబరు ఏడో తారీఖు అయిపోనీ" అన్నారు.

దేని గురించి అని నేను అడగలేదు. అడగకపోయేసరికి ఆయనకీ అర్థమయ్యే ఉంటుంది. కానీ ఇద్దరం తెనాలి వచ్చేదాకా వరి చేలు చూస్తూ కూర్చున్నాం. ఈ ఏడు పంట బాగుందని మాట్లాడుకున్నాం.

గుడ్డలు: రెండు నీలం. నాలుగు కాలేదు. ఎంజో గోల్డ్. వదిలింది.

నవంబరు 9

ఇంకా నాలుగు వారాలే. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. నాలుగు వారాల్లో ఏమవుతుంది? పండుగ ముందు ఈ మాట బయటపడితే రెండో పాత్ర ఇంకొకరికి ఇస్తారు. అది ఆయన తట్టుకోలేరు. నేను చేస్తున్నది ఆయన కోసమే.

నవంబరు 16

మూడు వారాలు.

నవంబరు 21, శుక్రవారం

బాపట్లలో ప్రదర్శన. మా పిల్లలు బల్ల మీద గుడ్డ ముక్కలు వరసగా అంటించి, పెద్ద చార్టు పెట్టారు. కాఫీ, సిరా, పులుసు, ద్రాక్షరసం, తుప్పు, నూనె. ఏ మందు ఏ మరకకి ఎంత పనిచేసిందో రంగు చుక్కలతో చూపించారు. జనం మూగారు. నాకు గర్వంగానే ఉంది.

న్యాయనిర్ణేత బట్టతలాయన, నిదానస్తుడు. ఎంజో గోల్డ్ డబ్బా చేతిలోకి తీసుకుని వెనకవైపు చదివాడు. "మేడం, దీని మీద మొట్టమొదట రాసిందే రక్తపు మరక. అసలు ఎంజైములు పనిచేసేది దాని మీదే కదండీ. చార్టులో అన్నీ పెట్టారు, అదొక్కటే లేదేంటి?"

పిల్లలు నా వంక చూశారు.

"నమూనా దొరకలేదండి" అన్నాను.

ఆయన నవ్వి, "వేలికి సూది గుచ్చుకుంటే వస్తుంది కదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ద్వితీయ బహుమతి ఇచ్చారు. తిరుగు రైల్లో పిల్లలు పాటలు పాడుతుంటే, నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నా సంచిలో రెండు రుమాళ్ళున్నాయి. పొద్దున ఇంట్లో నీళ్ళు రాకపోతే బాపట్లలో ఉతుకుదామని పట్టుకెళ్ళాను. ప్రదర్శనకి నమూనాలు నా దగ్గరే ఉన్నాయి.

నవంబరు 23, ఆదివారం

రేపల్లె. ఇది రాయాలి.

గుడి అయ్యాక ఇద్దరం షారోన్ ఇంటికి వెళ్ళాం. అల్లుడు వినోద్ కుమార్ కోడి తెచ్చాడు. పింకీ తాత ఒళ్ళో కూర్చుంది. నెల క్రితం బిగుతైన గౌను ఇప్పుడు భుజం మీంచి జారుతోంది.

"దీనికి తిండి ఒంటబట్టట్లేదు అమ్మా" అంది షారోన్. "సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు గోరువెచ్చగా ఉంటంది. మూడు వారాల నుంచి దగ్గు. మందు పోత్తానే ఉన్నా."

"మూడు వారాలా? నాకెందుకు చెప్పలేదు?"

"పిల్లలన్నాక దగ్గు రాదా? నాన్నకీ ఉందిగా, గాలి మార్పు అన్నారు."

ఆయన ముద్ద కలుపుతున్నారు. తల ఎత్తలేదు. తను సగం కొరికిన ముక్క పిల్ల నోట్లో పెట్టారు. పులుసు కారింది. జేబులోంచి రుమాలు తీసి పిల్ల మూతి తుడిచారు.

తెల్లటి రుమాలు. నేను ఉతికింది. నేను ఇస్త్రీ చేసింది. దాని మీద ఎప్పుడూ ఏ మరకా లేనట్టే ఉంది.

నేను లేచి వెళ్ళి పింకీని ఆయన ఒళ్ళోంచి లాక్కున్నాను. పిల్ల ఏడ్చింది. షారోన్ "ఏంటమ్మా?" అంది. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

నవంబరు 24, సోమవారం

పొద్దున బకెట్లో రుమాలు పడేశారు. నేను తీసి, ఉతక్కుండా, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బల్ల మీద ఆయన టిఫిన్ పక్కన ఉంచాను.

ఆయన దాన్ని చూసి, కంచం పక్కకి జరిపారు.

"ఇంకో రెండు వారాలు స్టెల్లా. ఏడో తారీఖు ఒక్కటీ అయిపోతే..."

"పింకీ దగ్గుతోందండి."

"చలికాలం..."

"మీరు నాకు చెప్పకండి ఆ మాట. ఆ మాటలన్నీ నేను నాకు చెప్పుకున్నవే. ఒక్కటి కూడా మిగల్లేదు."

ఇడ్లీ ముట్టుకోలేదు. తెనాల్లో డాక్టర్లందరికీ మొహం తెలుసు, ఇక్కడ వద్దన్నారు. బాపట్ల అయితే వస్తానన్నారు. సరే అన్నాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ముందు నేను ఇంత ఏడ్చింది లేదు. ఆయన నా దగ్గరికి రాలేదు. గది అవతలి గోడ దగ్గరే నిలబడి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు.

నవంబరు 25, మంగళవారం

బాపట్ల. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా షారోన్ కన్నా చిన్నదేమో. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూసింది. కుడివైపు పైన తెల్లటి మచ్చ, మధ్యలో గుంట. అది నాక్కూడా కనిపించింది.

"రక్తం ఎన్నాళ్ళ నుంచి పడుతోందండి?"

"ఒక వారం" అన్నారు ఆయన.

"సరిగ్గా చెప్పాలండి. మందు దాన్నిబట్టే చూసుకోవాలి. ఇంట్లో ఎవరెవరికి పరీక్ష చెయ్యాలో కూడా."

"పది రోజులేమో."

నేను సంచిలోంచి ఈ డైరీ తీశాను. ఎందుకు పట్టుకెళ్ళానో అప్పటికి నాకే తెలియదు. తీసి, చదివాను.

"ఆగస్టు మూడు. ఒక గుడ్డ. ఆగస్టు ఇరవై, రుమాలు, రూపాయి బిళ్ళంత. సెప్టెంబరు ఏడు, రెండు. సెప్టెంబరు పదమూడు. అక్టోబరు ఐదు, మూడు. నవంబరు రెండు, నాలుగు."

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. "మీరు ఇంత వివరంగా ఎందుకు రాశారండి?"

"టీవీలో వచ్చే మరక మందులు పనిచేస్తాయో లేదో చూస్తున్నానమ్మా."

"చేశాయా?"

"చేశాయి" అన్నాను. "ఒకటి చాలా బాగా చేసింది."

ఆ పిల్ల మళ్ళీ రాసుకోసాగింది. ఆయన మాత్రం నా వంక తిరిగారు. ఆ మొహం నేను ఇంకెప్పుడూ చూడకూడదు.

"నీకు ఆగస్టు నుంచి తెలుసా?"

నేను డైరీ మూసి సంచిలో పెట్టాను.

"తెలియదనుకుని దాచాను, మొదట్లో. తర్వాత నువ్వు ఒక్క మాట అనకుండా ఉతికి, మడతపెట్టి సంచిలో పెడుతుంటే, నీకూ ఇదే మంచిదనిపించిందేమో అనుకున్నాను. టీచరమ్మ కదా. ప్రమాదమైతే చెప్పేదే అనుకున్నాను."

నవంబరు 28, శుక్రవారం

క్షయే. తెమడ పరీక్షలో కూడా వచ్చింది. ఆరు నెలలు మందులు, ఒక్క రోజు మానకూడదు. తగ్గుతుందంది డాక్టరమ్మ. ముందే వస్తే ఊపిరితిత్తి ఇంత పాడయ్యేది కాదని కూడా అంది. పింకీని వెంటనే తీసుకురమ్మంది. షారోన్‌కి ఫోను చేశాను. మొత్తం విని, "నువ్వు సైన్సు టీచరువి కదమ్మా" అంది. పెట్టేసింది.

నవంబరు 30

అయ్యగారి ఇంటికి నేనే వెళ్ళి చెప్పాను. గుళ్ళో దగ్గున్న వాళ్ళందరూ పరీక్ష చేయించుకోవాలని ప్రకటించమన్నాను. పేరు చెప్పనన్నారు అయ్యగారు. చెప్పక్కర్లేదు, రెండో పాత్ర ఇంకో సంఘ పెద్ద సీమోను గారికి ఇచ్చారు, అందరికీ అర్థమైంది.

వెంకటసుబ్బులు కోసం స్టేషనుకి వెళ్ళాను. నీక్కూడా పరీక్ష చేయించుకో అని చెప్పాను. "ఆయన బాగుంటే చాల్లేమ్మా" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

డిసెంబరు 5, శుక్రవారం

వారం రోజులు బతిమాలితే వినోద్ కుమార్ ఒప్పుకున్నాడు. పింకీ మోచేతి కింద చిన్న సూది గుచ్చి, చుట్టూ పెన్నుతో సున్న చుట్టారు. సోమవారం తీసుకురావాలి. "సబ్బు పెట్టి రుద్దొద్దు, గీకనివ్వొద్దు. ఎర్రదనం ముఖ్యం కాదండి, వేలికి గట్టిగా తగిలే వాపు ఎంతుందో కొలుస్తాం. పది మిల్లీమీటర్లు దాటితే పాపకీ సోకినట్టు" అంది డాక్టరమ్మ.

షారోన్ నన్ను వాళ్ళింట్లో ఉండనిచ్చింది. మాట్లాడటం లేదు.

డిసెంబరు 6

చిన్న ఎర్ర చుక్క. అంతే. చూస్తూ కూర్చోవడం తప్ప నేను చేసే పని ఏమీ లేదు.

డిసెంబరు 7, ఆదివారం

తెనాల్లో వందేళ్ళ పండుగ. నేను రేపల్లెలో ఉన్నాను. మధ్యాహ్నం ఆయన ఫోను చేశారు. మైకు ఇంటిదాకా వినిపించిందట, వాకిట్లో కూర్చుని మొత్తం విన్నారట.

"అయిపోయాక అయ్యగారు ఇంటికొచ్చారు స్టెల్లా. కుంటుకుంటూ వచ్చారు. పాత్ర తెచ్చారు నాకోసం."

"తీసుకున్నారా?"

"తీసుకున్నాను. గ్లాసు నేనే తెచ్చుకున్నాను వంటింట్లోంచి. ఆయన అడగలేదు, నేనే." దగ్గారు. "పిల్ల చెయ్యి ఎలా ఉంది?"

"చూసి చెప్తాను" అన్నాను.

పింకీ కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి చాపింది. ఎర్రగా ఉంది. స్కూలు సంచిలోంచి స్కేలు తీశాను. కళ్ళు మూసుకుని ముందు వేలితో తడిమాను. వాపు అంచు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో పెన్నుతో గుర్తు పెట్టాను.

"అమ్మమ్మా, ఇది రుద్దితే పోదా?"

"పోదమ్మా."

"నీ టీవీ మందుతో?"

"దేనితోనూ పోదు. ఇది మనం చూడాలి."

షారోన్ గుమ్మంలో నిలబడింది. వాపెంతో నేను చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలలేదు.

రెండుసార్లు కొలిచాను. తగ్గించి రాయాలని చెయ్యి లాగింది. తొమ్మిది అని రాస్తే తొమ్మిదే అవుతుందన్నట్టు.

పన్నెండు.